ఇంగ్లండ్ లైసెన్సుతో జర్మనీలో విమానం నడపొచ్చా?

ప్రశ్న: మాది తెనాలి. ఉద్యోగరీత్యా చాలాకాలంగా ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటున్నాం. సరదా కొద్దీ 2015లో అక్కడి నేషనల్ ప్రైవేట్ పైలట్ లైసెన్సు, అదే ఎన్‌పీపీఎల్, తీసుకున్నాను. సెలవు రోజుల్లో క్లబ్బు వాళ్ల చిన్న విమానం, సెస్నా, నడుపుతుంటాను. లాగ్‌బుక్‌లో 130 గంటలున్నాయి, ఎక్కువ భాగం నేనే కెప్టెన్‌గా. వచ్చే ఏడాది కంపెనీ మ్యూనిక్ పంపిస్తోంది. ‘తేలికపాటి విమానాలకిచ్చే యూరప్ లైసెన్సు, ఎల్‌ఏపీఎల్‌గా మార్పించుకో, యూరప్ అంతా చెల్లుతుంది’ అని క్లబ్బులో ఓ పెద్దాయన అంటున్నారు. గడువు ఎప్పుడో పోయింది, మళ్లీ అఆల నుంచి నేర్చుకోవాల్సిందేనని ఇంకొకరు. ఎవరి మాట నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది. పోనీ, హైదరాబాద్ వచ్చినప్పుడు నడపడానికైనా ఈ లైసెన్సు పనికొస్తుందా?

జవాబు: పెద్దాయన మాట అబద్ధం కాదు. కాకపోతే బ్రెగ్జిట్ పూర్తిగా అమలైన 2020 డిసెంబరు 31తోనే అది పాతబడిపోయింది. రెండో ఆయన చెప్పింది సగం నిజం. గడువు పోయిన మాట వాస్తవమే కానీ, మీ 130 గంటలూ బూడిదలో పోసిన పన్నీరేమీ కావు.

ఎన్‌పీపీఎల్‌ను బ్రిటన్ 2002లో తెచ్చింది. తక్కువ గంటల శిక్షణ, తేలికపాటి వైద్య నిబంధనలు. అందుకు బదులుగా అది అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, ఐకావో, ప్రమాణాలను అందుకోదు. కాబట్టి మామూలుగా బ్రిటన్ గగనతలం దాటి చెల్లదు. ఆ తర్వాత యూరోపియన్ యూనియన్ 1178/2011 నిబంధనతో సభ్యదేశాలన్నింటికీ ఒకే తరహా లైసెన్సులు పెట్టింది. వాటిలో చిన్నది ఎల్‌ఏపీఎల్. సభ్యదేశాలు అంతకుముందు ఇచ్చిన జాతీయ లైసెన్సులను మార్చుకోవడానికి గడువు ఇచ్చారు. అది 2018 ఏప్రిల్ 8తో ముగియాల్సింది, ఆ తర్వాత కూడా పొడిగించారు. ‘ఎలాగూ పెంచుతారులే’ అని తాత్సారం చేసినవాళ్లకు బ్రెగ్జిట్ అడ్డం వచ్చింది.

ఇక్కడ చాలామంది తప్పులో కాలేస్తున్నారు. ఆ మార్పిడి చేయాల్సింది లైసెన్సు ఇచ్చిన సభ్యదేశమే. బ్రిటన్ ఇప్పుడు సభ్యదేశం కాదు. రిజిస్ట్రారు ఆఫీసే ఎత్తేశాక దస్తావేజు ఎవరు రిజిస్టరు చేస్తారు? 2021 నుంచి బ్రిటన్ పౌర విమానయాన సంస్థ, సీఏఏ, ఇచ్చిన ఎల్‌ఏపీఎల్ కూడా పేరుకు అదే గానీ, బ్రిటన్ చట్టం కింద ఇచ్చిన కాగితం. జర్మనీలో రిజిస్టరైన విమానానికి అది పనికిరాదు. పైగా అదీ ఐకావో స్థాయిది కాదు. అందుకని జర్మనీ కోసమని దాని మీద ఒక్క పౌండు కూడా ఖర్చు పెట్టకండి.

మీరు చూడాల్సింది విమానం ఒంటి మీద రాసిన అక్షరాలు. మీ క్లబ్బు సెస్నా మీద మొదటి అక్షరం ‘జీ’, అంటే బ్రిటన్ రిజిస్ట్రేషన్. మ్యూనిక్ చుట్టుపక్కల క్లబ్బుల్లో కనిపించే అలాంటి విమానాల మీద ‘డీ’ తర్వాత ‘ఈ’ ఉంటుంది. రెండు టన్నుల లోపు, ఒకే ఇంజిన్ ఉన్న జర్మన్ విమానాలకు ఇచ్చే వరస అది. 1944 నాటి షికాగో ఒప్పందం 32వ అధికరణం ప్రకారం, విదేశీ ప్రయాణాలు చేసే విమానపు పైలట్‌కు లైసెన్సు ఇవ్వాల్సిందీ, వేరే దేశపు లైసెన్సును ఆమోదించాల్సిందీ రిజిస్ట్రేషన్ ఉన్న దేశమే. ఐకావో స్థాయి లేని లైసెన్సైతే, పరాయి దేశంలో అడుగుపెట్టాలంటే ఆ దేశం అనుమతి కూడా కావాలి. ఇది 40వ అధికరణం. కనుక క్లబ్బు సెస్నాలోనే జర్మనీ వెళ్లొద్దామన్నా మీ ఎన్‌పీపీఎల్ ఒక్కటే చాలదు.

మీ ముందు రెండు దారులున్నాయి. మొదటిది, ఇంగ్లండ్ వదలకముందే పూర్తి స్థాయి ప్రైవేట్ పైలట్ లైసెన్సు, పీపీఎల్, సంపాదించడం. అది ఐకావో లైసెన్సు. ఎన్‌పీపీఎల్ అనుభవాన్ని ఎంతవరకు కలుపుతారో, ఇంకెన్ని గంటలు ఎగరాలో అక్కడి శిక్షణ స్కూల్ లెక్కగట్టి చెబుతుంది. అది చేతికొస్తే, యూరోపియన్ యూనియన్ బయటి లైసెన్సుల కోసం ఉన్న 2020/723 నిబంధన కింద జర్మనీలో పీపీఎల్‌గా మార్పు అడగొచ్చు. దానికి కనీసం 100 గంటల అనుభవం, విమానయాన చట్టం, మానవ సామర్థ్యం అనే రెండు రాతపరీక్షలు, విమానంలో నైపుణ్య పరీక్ష, రెండో తరగతి వైద్య ధ్రువపత్రం, భాషా ప్రావీణ్యం కావాలి. ఎన్‌పీపీఎల్‌తో ఎగిరిన గంటలను ఆ 100లో కలుపుతారా అని జర్మన్ అధికారులను ముందే ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట రేపు అక్కరకు రాదు.

రెండోది, జర్మనీ వెళ్లాకే అక్కడి ఎల్‌ఏపీఎల్‌కు చేరడం. మామూలుగా 30 గంటల శిక్షణ. మీకు కెప్టెన్‌గా అనుభవం ఉంది కాబట్టి స్కూల్ వాళ్లు మిమ్మల్ని ఒకసారి ఎగిరించి చూసి, అందులో సగం దాకా తగ్గించొచ్చు. అంటే 15 గంటలకు తక్కువైతే కుదరదు. ఆ 15లో మీరొక్కరే ఎగరాల్సిన ఆరు గంటలను మాత్రం తగ్గించరు. తొమ్మిది సబ్జెక్టుల రాతపరీక్ష, నైపుణ్య పరీక్ష మామూలే. పాసయ్యాక యూరోపియన్ యూనియన్ 27 దేశాలతో పాటు నార్వే, ఐస్‌లాండ్, స్విట్జర్లాండ్, లిక్టెన్‌స్టైన్‌లలోనూ చెల్లుతుంది. కాకపోతే ఆ లైసెన్సు వచ్చాక సొంతంగా 10 గంటలు ఎగిరితే గానీ ఇంట్లోవాళ్లను ఎక్కించుకోకూడదు. ఎక్కించుకున్నా ముగ్గురికి మించకూడదు.

బయల్దేరడానికి వ్యవధి ఉంది కాబట్టి నేనైతే మొదటి దారే ఎంచుకోమంటాను. రేపు మరో దేశానికి బదిలీ అయినా పీపీఎల్ వెంట వస్తుంది.

ఏ దారైనా ముందు వైద్య పరీక్ష, ఆ తర్వాతే ఫీజు. బ్రిటన్‌లో ‘ఆరోగ్యంగా ఉన్నాను’ అని పైలట్లు ఇచ్చే స్వీయ ప్రకటన అక్కడ పనికిరాదు. యూరప్ ధ్రువీకరణ ఉన్న ఏవియేషన్ డాక్టర్ దగ్గరకే వెళ్లాలి. షుగరో, బీపీ మందులో ఉంటే డబ్బు కట్టకముందే ఆ సంగతి తేల్చుకోండి. జర్మనీలో ఇంకో మెలిక కూడా ఉంది: విమాన భద్రతా చట్టం 7వ సెక్షన్ కింద పైలట్ల నేపథ్యాన్ని విచారిస్తారు. చేరగానే ఆ దరఖాస్తు పడేయండి.

‘ఒకసారి నడిపితే ఎవరు చూస్తారు’ అని ఎవరైనా తాళాలు చేతిలో పెడితే తీసుకోవద్దు. యూరప్‌లో విమానాలకు థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. ఆ విమానానికి చెల్లని లైసెన్సుతో నడిపి ప్రమాదం జరిగితే, బీమా కంపెనీ చేతులెత్తేస్తుందనే అనుకోవాలి. నష్టపరిహారం మీ నెత్తిన పడుతుంది.

ఇక హైదరాబాద్ సంగతి. ఇక్కడి విమానాల మీద ‘వీటీ’ అని ఉంటుంది. వాటిని నడపాలంటే మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ, డీజీసీఏ, ఇచ్చిన లైసెన్సో, డీజీసీఏ ఆమోదమో ఉండాలి. మీ ఎన్‌పీపీఎల్‌తో ఆ ఆశ పెట్టుకోకండి. శిక్షకుడు పక్కనుంటే అది వేరే సంగతి, అప్పుడు కెప్టెన్ ఆయనే.