ఛార్జింగ్ అయిపోని డ్రోన్

చిరంజీవికి,

నీ నవల ప్రింటవుట్లు అందాయి. ఉత్తరంలో నన్ను మాస్టారూ అన్నావు కాబట్టి చనువు తీసుకుని నువ్వు అనే రాస్తున్నాను. పన్నెండో అధ్యాయం దగ్గర నాకు ఒళ్లు మండింది. విశాఖ కొండల మీంచి లేచిన డ్రోన్ ఇరవై కిలోల బాంబు మోసుకుని శంషాబాద్ చేరి, రన్‌వే మీద గంటసేపు చక్కర్లు కొట్టి, తీరిగ్గా దాడి చేస్తుంది. నాలుగు ఫ్యాన్ల చిన్న డ్రోన్ అని నువ్వే రాశావు. దానికి ఛార్జింగ్ అయిపోదా తల్లీ?

గుంటూరు దగ్గర మా బంధువుల మిర్చి చేలో మందు కొట్టే డ్రోన్‌ని దగ్గర నుంచి చూశాను. పది లీటర్ల ట్యాంకు నింపుకుని లేస్తే పట్టుమని పావుగంట ఎగరదు, దిగాల్సిందే. గట్టు పక్కన ట్రాలీ ఆటోలో జనరేటరు, దాని పక్కన వరసగా బ్యాటరీలు. దాన్ని నడిపే కుర్రాడు దిగిన ప్రతిసారీ బ్యాటరీ తీసి అరచేత్తో తడిమి, వేడి తగ్గేదాకా నీడన పెట్టేవాడు. ఒకటి ఉబ్బిందని దూరంగా ఇటుకల చాటున పడేశాడు. గాలి లేచిందంటే పని ఆపి సెల్ చూసుకుంటూ కూర్చునేవాడు. నీ నవల మొత్తంలో గాలి ఒక్కసారి కూడా వీయలేదు!

యంత్రానికి చేతకానిదేమిటో తేలాకే కథ మొదలవుతుందని నా నమ్మకం. దీని మీద ఎవరితోనైనా పోట్లాడతాను. 2025 జూన్ 1న ఉక్రెయిన్ వాళ్లు రష్యా వైమానిక స్థావరాల మీద చేసిన దాడి చూడు. వాళ్ల చిన్న డ్రోన్లు అంత దూరం ఎగరలేవు. అందుకే చెక్క గదుల పైకప్పుల కింద దాచి, ఆ గదుల్ని లారీలకెక్కించి, సరిహద్దుకి వేల కిలోమీటర్ల అవతల సైబీరియాలో ఉన్న స్థావరం పక్కదాకా తీసుకెళ్లారు. మోస్తున్నదేమిటో లారీ డ్రైవర్లకే తెలియదని వార్తలొచ్చాయి. వాళ్ల లెక్క ప్రకారం 117 డ్రోన్లు, ఏడాదిన్నర ఏర్పాట్లు. డ్రోన్ దూరం పోగలిగితే ఆ లారీ డ్రైవరు కథలోకి వచ్చేవాడే కాదు. నాకు ఆ నవల కావాలి. దాబా దగ్గర ఆగి టీ తాగుతున్నప్పుడు వెనకాల ఏముందో తెలియని మనిషి కావాలి.

అదే యుద్ధంలో జామర్లు రేడియో సంకేతాన్ని నొక్కేస్తుంటే, రేడియోకి బదులు సంకేతాలు మోసే సన్నటి ఫైబర్ తీగ చుట్ట కట్టి డ్రోన్లు వదులుతున్నారు. ఎగిరినంత మేరా తీగ విప్పుకుంటూ పోతుంది. ఇప్పుడు అక్కడి పొలాల మీద, చెట్ల మీద సాలెగూడులా ఆ తీగలే. నీ విలన్ మాత్రం జామర్‌ని 'బైపాస్' చేశాడని ఒక్క వాక్యంలో తేల్చేశావు.

నేనూ ఒకప్పుడు ఒక వారపత్రికకి హైజాక్ సీరియల్ రాశాను. విమానంలో ఇంధనం ఎంతుంది, ఎంతసేపటికి అయిపోతుంది అని లెక్కకట్టి రాసిన భాగాన్ని ఎడిటర్ గారు ఎర్రసిరాతో కొట్టేశారు. "పాఠకులకి పెట్రోలు లెక్కలెందుకండీ, ఆ జాగాలో ఎయిర్‌హోస్టెస్ చేత ఓ పాట పాడించండి" అన్నారు. పైగా ప్రతి వారం చివర ఎవరో ఒకరు తలుపు తట్టాలట. ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తులో తలుపెవరు తడతారండీ అంటే, అది మీ ప్రతిభ అన్నారు. ఆ సీరియల్ పేరు అడగకు.

తర్వాత 1999 డిసెంబరు 24 వచ్చింది. కాఠ్మండూ నుంచి ఢిల్లీ వస్తూ హైజాక్ అయిన ఐసీ 814 విమానం అమృత్‌సర్‌లో దిగింది ఎందుకు? ఇంధనం చాలక. అక్కడ ముప్పావుగంట సేపు నిలబడి ఉంటే ట్యాంకరు రాలేదు. హైజాకర్లకి అనుమానం వచ్చి, ఇంధనం నింపుకోకుండానే లేపించారు. లాహోర్‌లో మొదట దిగనివ్వలేదు, రన్‌వే లైట్లార్పేశారు. పైలట్ చీకట్లో వెతుక్కుంటూ రోడ్డునే రన్‌వే అనుకుని దించబోయాడు. అక్కడ తుపాకుల కన్నా ఇంధనం ముల్లే టెన్షన్ పెట్టింది. 1971లో శ్రీనగర్ నుంచి బయల్దేరిన 'గంగా' విమానాన్ని లాహోర్ మళ్లించినవాళ్ల చేతిలో ఉన్నది బొమ్మ పిస్తోలు, ఉత్తుత్తి గ్రెనేడు.

ఇప్పటి ఫ్యాషన్ ఇంకోరకం. ల్యాప్‌టాప్ ముందు హుడీ వేసుకున్న హ్యాకర్ లేకపోతే పబ్లిషర్లు పుస్తకం వేయరు. నీ హ్యాకర్ మూడు నిమిషాల్లో విమానాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తప్పుడు జీపీఎస్ సంకేతాలు పంపితే విమానం ఎక్కడుందో తెలియక కాక్‌పిట్ గందరగోళపడొచ్చు. అంతమాత్రాన స్టీరింగ్ వాడి చేతికి రాదు. పైలట్‌కి వేరే పరికరాలున్నాయి, కళ్లున్నాయి. ఆ గందరగోళమే రాయి, చాలు.

ఎయిర్‌హోస్టెస్ కర్టెన్ వెనక మిగిలిన నీళ్ల సీసాలు లెక్కపెట్టుకునే పేజీ బావుంది. నవలలో ఏదైనా అయిపోతుందని తెలిసిన మనిషి ఆవిడ ఒక్కతే.

పబ్లిషర్ల సంగతి, కలం పేరు సంగతి అడిగావు. తర్వాత చూద్దాం. ముందు ఆ డ్రోన్‌ని పావుగంటలో కింద పడేసి, అక్కణ్ణించి మళ్లీ రాయి. పంపేటప్పుడు అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, కాగితానికి ఒకవైపే ప్రింటు తీయించు. రెండోవైపు నాకు పనికొస్తుంది.

ఆశీస్సులతో.