సూర్యుడూ ప్లాస్మానే, ఖాళీ చోటూ ప్లాస్మానేనా?

ప్రశ్న: సూర్యుడి గర్భంలో ఉన్నదీ ప్లాస్మానే, గ్రహాల మధ్య ఖాళీగా కనిపించే చోట ఉన్నదీ ప్లాస్మానే అని మా సార్ చెప్పారు. ఇంత తేడా ఉన్నవాటిని ఎలా వేరు చేస్తారు?
– ఇంటర్ విద్యార్థిని, పరకాల

జవాబు: సార్ చెప్పింది నిజమే బిడ్డా. హనుమకొండలో ఫిజిక్స్ చెప్పినన్నాళ్లూ ‘పదార్థపు నాలుగో స్థితి’ అన్న ఒక్క లైనుతో ఈ పాఠం దాటేయడం నాకు నచ్చేది కాదు. అసలు సంగతంతా ఆ లైను తర్వాతే ఉంది. పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతే, ఆ ఎలక్ట్రాన్లూ, ధనావేశంతో మిగిలిన అయాన్లూ కలిసి తిరిగే వాయువే ప్లాస్మా.

ఒక ఘన సెంటీమీటరు, అంటే పాచికంత చోటు తీసుకో. భూమి దగ్గర సౌరపవనంలో, అంటే సూర్యుడి నుంచి ఆగకుండా వీచే ప్లాస్మాలో, అంత చోట ఐదో పదో ప్రోటాన్లు ఉంటాయి. సూర్యుడి బయటి వాతావరణమైన కరోనా అడుగున పది కోట్లు దాటతాయి. సూర్యగర్భంలో ఆ పాచికంత పదార్థమే 150 గ్రాములు తూగుతుంది. మన నెత్తిమీద వాతావరణపు పైపొర అయిన అయనోస్ఫియర్‌లో పగటిపూట పది లక్షల ఎలక్ట్రాన్ల దాకా ఉంటాయి. అంత సాంద్రత ఉంటే, నిట్టనిలువుగా పంపిన 9 మెగాహెర్ట్జ్ లోపు రేడియో తరంగాలు వెనక్కి తిరిగొస్తాయి. మా నాన్న షార్ట్‌వేవ్‌లో విదేశీ స్టేషన్లు విన్నది ఆ పొర పుణ్యాన్నే.

సాంద్రత ఒక్కటే చూస్తే సరిపోదు. నేనైతే ముందు అడిగేది, కణాలు ఒకదాన్నొకటి ఢీకొంటున్నాయా అని. సూర్యగర్భంలో ఆగకుండా ఢీకొంటాయి. అందుకే అక్కడ ఎలక్ట్రాన్లకూ అయాన్లకూ ఒకటే వేడి, దాదాపు కోటిన్నర డిగ్రీలు. సౌరపవనంలో ప్రోటాన్ 15 కోట్ల కిలోమీటర్లు ప్రయాణించి భూమి దగ్గరికి వచ్చేలోగా ఒక్కసారి గట్టిగా ఢీకొంటే గొప్ప. దాంతో ప్రోటాన్ల ఉష్ణోగ్రత వేరు, ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత వేరు. ఒకే చోట రెండు ఉష్ణోగ్రతలు!

రెండో ప్రశ్న, పెత్తనం ఎవరిదని. కరోనాలో అయస్కాంత క్షేత్రానిదే పైచేయి, ప్లాస్మా దాని గీతల వెంటే వంపులు తిరుగుతుంది. సౌరపవనంలో ప్లాస్మాయే క్షేత్రాన్ని వెంట ఈడ్చుకుపోతుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని కదులుతాయని చెప్పిన స్వీడన్ శాస్త్రవేత్త ఆల్వెన్‌కు 1970లో నోబెల్ వచ్చింది.

ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన తెల్ల మరుగుజ్జు నక్షత్రాలది ఇంకో దారి. అక్కడ సాంద్రత ఎంత ఎక్కువంటే, చల్లబడినా ఎలక్ట్రాన్ల ఒత్తిడి తగ్గదు. అది క్వాంటం సూత్రాల పని, డిగ్రీలో చదువుతావులే.

2024 జనవరిలో సూర్యుణ్ని పరిశీలించే మన వ్యోమనౌక ఆదిత్య-ఎల్1, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో సూర్యుడి వైపున్న ఎల్1 అనే స్థానం దగ్గరికి చేరింది. అందులో ‘పాపా’ అనే పరికరం ఉంది (పేరు చూసి నవ్వకు). సౌరపవనంలోని ఎలక్ట్రాన్లనూ అయాన్లనూ వేర్వేరుగా కొలవడమే దాని పని. ఆ రెండు ఉష్ణోగ్రతలు తేలాలంటే అలా విడివిడిగా కొలవాల్సిందే.