వరికొయ్యలకు అగ్గి పెట్టే ముందు

చిరంజీవి శీనుకు పెదనాన్న ఆశీస్సులు.

వానాకాలం వరి కోశాక కొయ్యలు కాలిస్తే కేసవుతుందా అని అడిగావు. ఢిల్లీ చుట్టుపక్కల ఎకరాల లెక్కన జరిమానా ఉంది. 2024 నవంబరులో దాన్ని రెట్టింపు చేశారు: రెండెకరాల లోపు రైతుకు 5,000, ఐదెకరాలు దాటితే 30,000. ఆ ఉత్తర్వు మన తెలంగాణకు వర్తించదు. అలాగని ధీమాగా ఉండకు. పక్కవాళ్ల పంటకు అంటుకుంటుందని తెలిసీ నిప్పు పెట్టావని తేలితే, భారతీయ న్యాయ సంహిత 326 సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. బూడిద ఎరువే కదా అంటారు మనవాళ్లు. పొటాష్ కొంత మిగిలే మాట నిజమే, నత్రజని మాత్రం పొగలోనే పోతుంది.

యాసంగి నాట్లకు టైమ్ లేదనే టెన్షన్‌తోనే అందరూ అగ్గిపెట్టె తీస్తారు. అందుకే ఈ సంగతి కోతకు ముందే తేల్చుకో. కోతకు పది రోజుల ముందు నీళ్లు ఆపు, తడి మడిలో గడ్డి కట్టలు కట్టే బేలర్ మిషన్ దిగదు. హార్వెస్టర్ డ్రైవర్‌ను వదిలేస్తే మోకాలెత్తున కోసుకుంటూ పోతాడు. దగ్గరుండి కిందికి కోయించు. గంట అద్దె కాస్త పెరిగితే పెరగనీ, గడ్డి కట్టలకు గిరాకీ ఉంది.

మిగిలిన కొయ్యలకు నీళ్లు పెట్టి, ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి రోటావేటర్ వేయించు. నారు పోసిన రోజుల్లోనే ఈ పని చేస్తే, నారు అందేలోపు కొయ్య మురుగుతుంది. కొయ్యను కుళ్లబెట్టే మందు, బెల్లం కలిపి పులియబెట్టే డీకంపోజర్ కూడా వాడొచ్చు కానీ, నేలలో తడి లేకపోతే అదేం చేయలేదు.

తొందరపడి కొయ్య దున్నిన వారానికే నాటితే నారు పసుపు రంగుకు తిరిగి ఎదగదు. మడిలో అడుగు వేస్తే బుడగలు లేచి కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది, పీకి చూస్తే వేర్లు నల్లగా ఉంటాయి. అది సల్ఫైడ్ దెబ్బ, అంటే గడ్డి నీళ్లలో కుళ్లి పుట్టే విషవాయువు వేర్లను దెబ్బతీయడం. అప్పుడు యూరియా బస్తా విప్పకు. నీళ్లు తీసేసి సన్న నెర్రెలు వచ్చేదాకా ఆరబెట్టు. తెల్ల వేర్లు కనిపించాకే ఎరువు మాట.

చెలకలో పత్తికట్టె సంగతి వేరు. ఎండిన కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుంటుంది కాబట్టి పీకి గట్టు మీద కుప్ప పోయకు. ష్రెడ్డర్‌తో ముక్కలు చేయించి దున్నించు. ఆ మిషన్ కిరాయికి దొరుకుతుందేమో మీ ఏఈవోను (వ్యవసాయ విస్తరణ అధికారిని) ఇప్పుడే అడిగి పెట్టుకో.

మీ పెదనాన్న