పాత పాటల్లో గోదారి అంత తీరిగ్గా ఎందుకు కనిపిస్తుంది?

పాత పాటలో ఏరూ పడవా కాసేపు నిలబడి కనిపిస్తాయి, ఇప్పటి పాటలో రెప్ప వేసేలోపు మాయమైపోతాయి, ఎందుకని? మా అమలాపురంలో టీ కొట్టు టీవీ ముందు కూర్చున్నప్పుడల్లా ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే ఇది.

సగం జవాబు డబ్బుల్లో ఉంది. అప్పట్లో ఫిలిం ఖరీదు, కెమెరా బరువు. నాలుగు వైపులా తీసేసి తర్వాత ఏరుకుందాంలే అంటే కుదిరేది కాదు. అందుకే షాటు ముందే అనుకుని, నిలిపి తీసేవారు. 1964 నాటి ‘మూగమనసులు’లో ‘గోదారి గట్టుంది’ చూడండి. రంగుల్లేవు. అయినా జమున మొహంలో అల్లరి మారుతుంటే ఆ గొంతు సుశీలదంటే నమ్మబుద్ధి కాదు! పాట ముందే రికార్డు చేసి, షూటింగులో వేస్తుంటే పెదాలు కలపడమే కదా, కానీ ఆ కలపడంలోనే ఉంది పనితనమంతా.

2006 ‘గోదావరి’లో ‘ఉప్పొంగెలే గోదావరి’ వేరే దారి. బాలు గొంతు నేపథ్యంలో సాగుతుంది, అందుకే లాంచీనీ నీళ్లనీ చూపించడానికి తీరిక దొరికింది.

ఆ తర్వాత డిజిటల్ వచ్చింది, ఎంత తీసినా ఖర్చు పెద్దగా పెరగదు. దరువుకో కట్, అంటే దెబ్బకో షాటు మార్చే అలవాటు, అంతకుముందే 1981లో అమెరికాలో ఎంటీవీ అనే పాటల ఛానెల్ వచ్చాక బాగా ముదిరింది. డ్రోను షాట్లు మాత్రం నాకు ఎక్కవు. పైనుంచి చూస్తే మా కోనసీమ కొబ్బరిచెట్లన్నీ చీపురుకట్టలు ఆరబెట్టినట్టుంటాయి.