మంచినీళ్లూ దిగడం లేదు.. పోయెమ్ చేయించుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 42. రెండేళ్లుగా తిన్నది ఛాతీ దగ్గర అడ్డం పడుతోంది. ఇప్పుడు మంచినీళ్లకూ అదే బాధ. రాత్రి పడుకుంటే తిన్నది గొంతులోకి ఎగదన్నుతోంది, దగ్గు వస్తోంది. బరువు తగ్గాను. గ్యాస్ మాత్రలు పనిచేయలేదు. ఎండోస్కోపీ, అన్నవాహికలో ఒత్తిడి కొలిచే మానోమెట్రీ చేసి అకలేసియాలో టైప్-2 రకం అన్నారు. నోటి గుండా ఎండోస్కోప్‌తో కండరాన్ని కోసే పోయెమ్ చికిత్స చేస్తామంటున్నారు. పైన కోత పెట్టకుండా లోపలి కండరాన్ని ఎలా కోస్తారు? బెలూన్‌తో సాగదీస్తే సరిపోదా?
- ఓ పాఠకురాలు

జవాబు: అన్నవాహిక చివర ఉండే బిగింపు కండరం మనం మింగినప్పుడు వదులు కావాలి. దాన్ని వదులు చేసే నాడీకణాలు దెబ్బతినడంతో మీకు ఆ దారి తెరుచుకోవడం లేదమ్మా. అకలేసియా అంటే ఇదే. గ్యాస్ మాత్రలు ఆమ్లాన్ని తగ్గిస్తాయి గానీ ఈ బిగింపును ఏమీ చేయలేవు. చాలామందికి మీలాగే ఏళ్లు ఆ మాత్రలతోనే గడిచిపోతాయి.

పోయెమ్‌ను జపాన్ వైద్యుడు హరుహిరో ఇనోయే 2008లో మొదలుపెట్టారు. పూర్తి మత్తు ఇచ్చి, నోటి గుండా ఎండోస్కోప్ పంపుతారు. అన్నవాహిక లోపలి పొరకు చిన్న గాటు పెట్టి, ఆ పొరకూ కండరానికీ మధ్య సొరంగంలా దారి చేసుకుంటూ జీర్ణాశయం మొదలు దాకా వెళ్తారు. కండరాన్ని అక్కడి నుంచే కోసి, వెనక్కి వచ్చి గాటును క్లిప్పులతో మూసేస్తారు. గాటు పైన, కండరం కోసేది దానికి కింద. మధ్యలో లోపలి పొర చెక్కుచెదరదు కాబట్టి తిన్నది ఛాతీలోకి కారదు. కిటుకంతా ఇదే.

టైప్-2కు బెలూన్ కూడా బాగానే పనిచేస్తుంది. కాకపోతే మళ్లీ మళ్లీ సాగదీయాల్సి రావచ్చు. 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో, రెండేళ్ల తర్వాత పోయెమ్ చేయించుకున్నవారిలో 92 శాతం, బెలూన్ వారిలో 54 శాతం బాగున్నారు. తరచూ పోయెమ్ చేసే నిపుణులు అందుబాటులో ఉంటే నా ఓటు దానికే.

అయితే ఒక చిక్కుంది. బిగింపు పోతే ఆమ్లం పైకి తన్నుతుంది. అదే ఏడాది మరో అధ్యయనంలో, మూడు నెలలకు పరీక్షిస్తే పోయెమ్ వారిలో 57 శాతం మందికి ఆమ్లంతో అన్నవాహిక దెబ్బతిన్న ఆనవాళ్లు కనిపించాయి. పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి అదే కండరాన్ని కోసే లాప్రోస్కోపీ వారిలో అవి 20 శాతమే. మింగడంలో మాత్రం రెండింటి ఫలితమూ ఇంచుమించు ఒకటే. అంటే ఇన్నాళ్లూ పనిచేయని గ్యాస్ మాత్రే తర్వాత అవసరం కావచ్చు. మంట లేకపోయినా అప్పుడప్పుడూ ఎండోస్కోపీ చేయించుకోండి. అన్నవాహిక నెట్టే శక్తి చాలావరకు తిరిగిరాదు కాబట్టి నెమ్మదిగా నమిలి, నీళ్లతో తినే అలవాటూ కొనసాగాలి.

చికిత్సకు ముందు డాక్టర్ చెప్పినన్ని రోజులు ద్రవాహారమే తీసుకోండి. నిలిచిపోయిన ఆహారం మత్తులో ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రమాదం. అప్పటిదాకా తల ఎత్తుగా పెట్టుకుని పడుకోండి. చికిత్స తర్వాత జ్వరం, తీవ్రమైన ఛాతీనొప్పి, ఆయాసం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.