పోయినేడు ఒక క్లబ్బు "బోర్" అని మానేసిన ఆరో గ్రేడ్ పాపకి ఏ కోడింగ్ క్లబ్బు మంచిది?
మీరు సిలబస్‌లు పక్కపక్కన పెట్టి చూస్తున్నారండీ, అందుకే గర్ల్స్ హూ కోడ్, టెక్నోవేషన్, ఫస్ట్ లెగో లీగ్ మూడూ ఒకేలా కనిపిస్తున్నాయి.

1. గర్ల్స్ హూ కోడ్: ఆడపిల్లలకి కోడింగ్ నేర్పే క్లబ్బు. ఉచితం. పాప 6–12 గ్రేడ్ల క్లబ్బులోకి వస్తుంది.
2. టెక్నోవేషన్: ఆడపిల్లల జట్లకి పోటీ. ఇదీ ఉచితమే. 8–18 ఏళ్లు. ఐదుగురి దాకా కలిసి ఊరి సమస్య ఒకటి పట్టుకుని యాప్ చేయాలి.
3. లెగో లీగ్: లెగోతో రోబో కట్టి, దానికి కోడ్ రాసే జట్ల పోటీ. జట్టు ఫీజు, కిట్ ఖర్చు వేరే. అబ్బాయిలూ ఉంటారు.

చాలామంది వదిలేసేది ఇది: చేర్చే ముందు ఓ సాయంత్రం వెళ్లి వెనక కూర్చోండి. రోబో మొరాయించినప్పుడు ల్యాప్‌టాప్ ఎవరి ముందుకి జరుగుతోందో చూడండి. ఆడపిల్లలకి పోస్టరూ స్కెచ్ పెన్నులూ ఇచ్చి కోడ్ అబ్బాయిలే రాస్తుంటే, ఆ జట్టుకి ఎన్ని కప్పులొచ్చినా వద్దు. పనులు వంతులవారీగా మారుస్తారా అని కోచ్‌నే అడగండి.

పోయినేడు "బోర్" అని మానేసిందన్నారుగా, అక్కడా పాపకి కోడ్ రాసే వంతు రాలేదేమోనని నా అనుమానం. స్నేహితురాలు తోడుంటే నా ఓటు టెక్నోవేషన్‌కి.