మీరేం చెబితే అదే చేస్తాను

ప్రశ్న: అక్కా, నాకు ఇరవై మూడేళ్లు. అన్నయ్య, నేను, చెల్లి. మమ్మల్ని బడికి పంపలేదు, నాన్నే ఇంట్లో చదువు చెప్పారు. టీవీ, ఫోన్ లేవు, ఇరుగుపొరుగుతో మాట్లాడకూడదు, బయటివాళ్లంతా చెడ్డవాళ్లని అక్షరాలతోపాటే నేర్పారు. తప్పు చేస్తే రాత్రంతా గదిలో ఉంచి బయట గొళ్లెం పెట్టేవారు. ఎనిమిది నెలల క్రితం వచ్చేశాను. ఉద్యోగం చేసుకుంటూ హాస్టల్లో ఉంటున్నా. అన్నయ్యేమో ఫోన్ చేసి "గొళ్లెమేంటి, కాసేపు కూర్చోబెట్టారంతే, నువ్వే పెద్దది చేస్తున్నావు, అమ్మ నీ బెంగతో మంచం పట్టింది" అంటాడు. నిజంగా నేనే ఊహించుకుంటున్నానా? రూమ్‌మేట్‌కి ఇంటి సంగతి చెప్పిన రోజు నిద్రపట్టలేదు, అమ్మానాన్నల్ని బజారుకీడ్చినట్టనిపించింది. పదిహేనేళ్ల చెల్లి ఇంకా అక్కడే ఉంది. వెనక్కి వెళ్లిపోనా? మీరేం చెబితే అదే చేస్తాను.

జవాబు: నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండుసార్లూ ఆ చివరి వాక్యం దగ్గరే ఆగాను. ఏ నిర్ణయమూ నీ చేతికి రాని ఇంట్లోంచి బయటపడి, ఇప్పుడు మీ నాన్నగారి కుర్చీలో నన్ను కూర్చోమంటున్నావు. నేను కూర్చోనమ్మా. వెళ్లిపో అనీ అనను, వద్దనీ అనను. కోపం తెచ్చుకోకు, మిగతావన్నీ మాట్లాడదాం.

ముందు అన్నయ్య మాట. మన జ్ఞాపకం పొరబడుతుందన్నది నిజమే. 1974లో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే పరిశోధకులు విద్యార్థులకు కారు ప్రమాదాల ఫిల్ములు చూపించి, కార్లు ఎంత వేగంతో ఉన్నాయని అడిగారు. "తగిలినప్పుడు" అని అడిగితే తక్కువ వేగం చెప్పారు, "గుద్దుకుని నుజ్జయినప్పుడు" అంటే ఎక్కువ చెప్పారు. అందరూ చూసింది అవే ఫిల్ములు, ప్రశ్నలో ఒక్క మాట మారిందంతే. కాబట్టి గొళ్లెం ఏడింటికి పడిందా పదింటికా అన్నదాంట్లో నువ్వు తప్పు చెప్పొచ్చు. కానీ అదే కొలత అన్నయ్యకీ పెట్టి చూడు, "కూర్చోబెట్టారంతే" అన్నదీ మాట మార్చడమేగా! మీ ఇంట్లో జరిగే ప్రతిదానికీ పేరు పెట్టింది ఒక్కరే, ఆయన పెట్టిన పేరుతోనే అన్నయ్యకి గుర్తుండిపోయింది. అతను కావాలని అబద్ధమాడుతున్నాడని కూడా నేననుకోను, ఆ ఇంట్లో రోజులు గడవాలంటే అతనికి అలా గుర్తుండటమే సుఖం. నువ్వు మాత్రం ఎవరితోనూ వాదనకి దిగకముందే గుర్తున్నది గుర్తున్నట్టు రాసి పెట్టుకో, తెలియని చోట తెలియదనే రాయి. దానికి అన్నయ్య సంతకం అక్కర్లేదు.

ఇక అమ్మానాన్నలకి ద్రోహం చేశానన్న బాధ. హంగరీలో పుట్టి అమెరికాలో పనిచేసిన సైకియాట్రిస్ట్ ఇవాన్ బోసోర్మెన్యి నాజ్ కుటుంబాన్ని ఒక పద్దు పుస్తకంలా చూశాడు. కన్నవాళ్ల బాకీ పిల్లలు తమకే తెలియకుండా తీరుస్తుంటారట, ఒక్కోసారి తమ బతుకు బాగుపడకుండా చూసుకుని మరీ. నిద్రపట్టని ఆ రాత్రి నువ్వు కట్టింది అలాంటి వాయిదానేమో. బాకీ లేదని నేననను. నాన్న చదువు చెప్పబట్టే ఇవాళ నాకు ఉత్తరం రాయగలిగావు. గొళ్లెం పెట్టిందీ ఆయనే. రెండూ ఒకే మనిషి చేశాడు, ఒకదాన్ని చెప్పడానికి రెండోదాన్ని మింగెయ్యాల్సిన పనిలేదు. రూమ్‌మేట్‌కి చెప్పుకోవడం బజారుకీడ్చడమైతే లోకంలో ఎవరికీ స్నేహితులుండరు.

అమ్మ సంగతికొస్తే, నీ ఉత్తరంలో అమ్మ గొంతు ఎక్కడా లేదు, అన్నయ్య చెప్పిన అమ్మే ఉంది. ఒకసారి అమ్మనే ఫోన్‌లోకి రమ్మను. చూడ్డానికి వెళ్లడమూ వెనక్కి వెళ్లిపోవడమూ ఒకటి కాదు, అన్నయ్య రెండూ కలిపేసి మాట్లాడుతున్నాడు, వింటున్న నువ్వూ కలిపేసుకున్నావు. చూడ్డానికి వెళ్లేటట్టయితే ఎంతసేపుంటావో ముందే అనుకో, గుర్తింపు కార్డుల ఒరిజినల్స్ రూమ్‌లోనే ఉంచు, ఎప్పటికి తిరిగొస్తావో రూమ్‌మేట్‌కి చెప్పి బయల్దేరు.

చెల్లి విషయంలో మాత్రం గట్టిగానే చెబుతాను, ఇది నీకు వదిలేసేది కాదు. ఆ పిల్లని ఇప్పటికీ గదిలో పెట్టి గొళ్లెం వేస్తున్నారంటే దాన్ని ఇంటి గుట్టు అనుకోకూడదు, పిల్లల రక్షణ చూసే అధికారులకి చెప్పాల్సిందే. నువ్వు వెళ్లి పక్కన కూర్చుంటే ఆ గదిలో ఇద్దరవుతారు, గొళ్లెం అలాగే ఉంటుంది. దానితో మాట్లాడే వీలు దొరికితే నాన్న మీద నూరిపోయకు, ఇంట్లో ఉన్న పిల్లకి అది ఇంకో బరువు. నీ నంబరు కంఠతా పట్టించు, చాలు.

అమ్మతో మాట్లాడాక మళ్లీ రాయి, ఆవిడ ఏమందో నాకూ తెలుసుకోవాలనుంది.